కిందపడదలచిన వారికి గమనిక

మా ఆయన గుర్రపుస్వారీ నేర్పే సంఘంలో, శనివారం తప్ప మరే రోజూ ప్రమాదం జరగకూడదని తీర్మానించారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. గుర్రాలను ఎవరూ అడగలేదు.

ఆలోచన లేకుండా చేసిన తీర్మానమేమీ కాదది. సంఘం అధ్యక్షులు మార్కండేయులు గారికి హైదరాబాదు శివార్లలో పెద్ద ఫంక్షన్ హాలు ఉంది. తండ్రిగారి జ్ఞాపకార్థం ఆయన మా సంఘానికి ఒక అంబులెన్సు దానం చేశారు. అయితే హాలుకు కూరగాయలు తెచ్చేది కూడా ఆ బండే. పెళ్ళిళ్ళు తక్కువగా ఉండే శనివారం ఒక్కటే దానికి తీరిక. దాని వెనక తలుపు తీస్తే కొత్తిమీర వాసన గుప్పుమనేది. నాకైతే ఆ వాసనకే సగం నొప్పులు తగ్గిపోతాయనిపించేది.

"అంబులెన్సు అందుబాటులో లేని దినమున ప్రమాదానికి లోనగుట క్రమశిక్షణా రాహిత్యం కిందకు వస్తుంది," అన్నారు ప్రభంజనరావు గారు.

ఆయన మా భద్రతాధికారి. ఏదో ప్రభుత్వ శాఖలో విపత్తులు వస్తే ఏం చెయ్యాలో రాసి రాసి రిటైరయ్యారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ శాఖకు ఒక్క విపత్తూ రాలేదు. అదంతా తన ప్రణాళికల చలవేనంటారు. కావచ్చు. నాకు పెళ్ళయి అప్పటికింకా మూడు నెలలు కాలేదు. ఆ రోజుల్లో నాకు అన్నీ బాగానే కనిపించేవి, తీర్మానాలతో సహా.

మర్నాటికల్లా గేటు దగ్గర బోర్డు వెలిసింది. 'గమనిక: కిందపడదలచిన వారు శనివారం ఉదయం మాత్రమే పడవలెను. ముందస్తు సమాచారం తప్పనిసరి. నిర్దేశిత పతన స్థలంలో కాక ఇతరత్రా పడినచో సంఘం బాధ్యత వహించదు.' నిర్దేశిత పతన స్థలం అంటే స్వారీ మైదానం మధ్యలో సున్నంతో గీసిన ఒక పెద్ద వలయం. ప్రారంభోత్సవం కదా అని, గుర్రాలను చూసుకునే యాదగిరి వాళ్ళావిడ దాని చుట్టూ అంచు ముగ్గు కూడా పెట్టింది. చాలా ముద్దుగా ఉంది. చూస్తే నాకే అందులో పడాలనిపించింది.

యాదగిరి మాత్రం తల గోక్కున్నాడు. "సార్, గుర్రాలకు ముగ్గు జూస్తె బెదురు. గీ దిక్కు రానే రావు."

"వచ్చుట అశ్వం బాధ్యత," అన్నారు ప్రభంజనరావు గారు.

ఆ మంగళవారమే నిబంధనకు మొదటి పరీక్ష ఎదురైంది. వరప్రసాద్ గారని ఒక బ్యాంకు మేనేజరు తూఫాన్ అనే నల్లగుర్రం ఎక్కారు. తూఫాన్ రెండు చుట్లు బుద్ధిగా తిరిగి, మూడో చుట్టులో ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. వరప్రసాద్ గారు ఆగలేదు. ఆయన దాని చెవుల మధ్య నుంచి వెళ్ళి ఇసుకలో వెల్లకిలా తేలారు. మా ఆయన శ్రీకర్ పరుగెత్తబోతే ప్రభంజనరావు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఈ రోజు మంగళవారం కనుక మీరు పడలేదు," అన్నారు ఆయన వరప్రసాద్ గారి మీదకు వంగి.

"మరి నేనిక్కడ ఎందుకున్నానండీ?"

"మీరు అశ్వం నుంచి దిగారు."

"తలకిందులుగానా?"

"దిగే పద్ధతి సభ్యుల విచక్షణకే వదిలాం."

వరప్రసాద్ గారు కాసేపు ఆకాశంలోకి చూసి, "లేవొచ్చా మరి?" అని అడిగారు. దిగినవారు లేవడానికి అనుమతి అక్కర్లేదని తెలిశాక ఎంతో సంతోషించి, కుంటుకుంటూ ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళారు.

నేను కూడా అక్కడే స్వారీ నేర్చుకునేదాన్ని. మైదానంలో మొగుణ్ణి 'సార్' అనాలని రూలు. ఇంట్లో పప్పులో ఉప్పు ఎక్కువైందని మూతి ముడిచే మనిషిని పొద్దున్నే అందరి ముందూ "సార్, రికాబు పొడుగైంది సార్" అని పిలవడంలో ఎంత సరదా ఉందో చెప్పలేను. కొత్త మెట్టెలు బూట్లలో నొక్కుకునేవి. అది కూడా బాగానే ఉండేది. స్వారీ అయ్యాక గుర్రాల చావిడి వెనక సపోటా చెట్టు కింద ఫ్లాస్కు మూతలో ఒకరి తరువాత ఒకరం టీ తాగేవాళ్ళం. ఫ్లాస్కుకు రెండు మూతలున్నాయి. రెండోది మేం వాడేవాళ్ళం కాదు.

నా గుర్రం పేరు బేగం. తెల్లది, కాస్త వయసు మీద పడ్డది, తీరిగ్గా నడిచేది. దాని గొప్పంతా ఒక్కటే: ఎవర్నీ కింద పడనివ్వదు. మనం ఎడమకు ఒరిగితే అదీ ఎడమకు జరుగుతుంది. కుడికి జారితే కుడికొచ్చి కిందకు చేరుతుంది. చిన్నపిల్లను నడుం మీద వేసుకుని వంటచేసే తల్లి ఎలా చూడకుండానే సర్దుకుంటుందో, అలా. చప్పుడంటే మాత్రం దానికి గుండెదడ. మా పెళ్ళికి శ్రీకర్ దాని మీద రావాలని వాళ్ళ దోస్తులంతా పట్టుబట్టారట. "డీజే చప్పుడుకు దాని పానం పోతది" అని ఆయన ఆటోలో వచ్చాడు. ఆ సంగతి విన్నాకే నాకు ఈ మనిషి మీద పూర్తి నమ్మకం కుదిరింది.

శనివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. అంబులెన్సు ఠంచనుగా వచ్చి చెట్టు నీడలో నిలబడుతోంది. ఎవరూ పడటం లేదు. శనివారం పడేవాళ్ళ రోజని తెలిశాక జనం ఆ రోజు జీనును రెండు చేతులా పట్టుకుని, నడకకు మించి కదలనిచ్చేవారు కాదు. ఆదివారం హాయిగా పడేవారు. క్షమించాలి, దిగేవారు.

నెలాఖరు సమావేశంలో ప్రభంజనరావు గారు బాధపడ్డారు. "అత్యవసర స్పందన సర్వసన్నద్ధంగా ఉంది. కానీ అత్యవసరాలు రావడం లేదు. ఇది సభ్యుల నిర్లిప్తతను సూచిస్తోంది."

మార్కండేయులు గారు సూటిగా మాట్లాడే మనిషి. "ఇదిగో చూడండి, బండి వాడకపోతే ఊరుకునేది లేదు. ఈతకొలను క్లబ్బు వాళ్ళు రోజూ ఫోన్లు చేస్తున్నారు. వాళ్ళ దగ్గర మునిగేవాళ్ళు బోలెడుమంది ఉన్నారంట. వండిన కూర మిగిలిపోతే నాకు నిద్రపట్టదు. ఇదీ అంతే."

దాంతో ప్రతి గుర్రానికీ పతన లక్ష్యం నిర్ణయించారు. నెలకు ఇన్నిసార్లు, శనివారాల్లో, ముగ్గు లోపల. తూఫాన్ ప్రతిభను ఆలస్యంగానైనా గుర్తించి, మంగళవారాలవి కూడా పాత తేదీతో లెక్కలోకి తీసుకుని ఉత్తమ అశ్వంగా ఎంపిక చేశారు. బంతిపూల దండ వేశారు. అది దండను తినేసి, శాలువా కప్పబోయిన మార్కండేయులు గారి మోచెయ్యి రుచి చూసింది. ఆ రోజు శనివారం కాదు కనుక అది కొరకలేదు.

తరువాత బేగం వంతు వచ్చింది.

"సంఘంలో చేరిన నాటి నుండి నేటి వరకు పతనాలు శూన్యం," అని ప్రభంజనరావు గారు కళ్ళజోడు తీశారు. "అత్యవసర ప్రణాళికకు దీని సహకారం బొత్తిగా లేదు. ఇన్నేళ్ళ నిర్లక్ష్యాన్ని ఇంతకాలం ఎవరూ ఎందుకు ప్రశ్నించలేదు?"

"సార్, పడెయ్యకపోవుడే మంచి గుర్రం లక్షణం గదా," అన్నాడు శ్రీకర్.

"అది పాత విధానం శ్రీకర్ గారూ. పడేయని అశ్వం వల్ల సభ్యులలో లేనిపోని ధైర్యం పెరుగుతుంది. ధైర్యం పెరిగితే సంసిద్ధత తగ్గుతుంది."

నెల తిరిగేలోగా బేగం కనీసం ఒక్కర్నైనా పడేయాలి, లేదంటే పెళ్ళి బ్యాండు మేళం వాళ్ళకు ఇచ్చెయ్యాలి అని తీర్మానించారు. మార్కండేయులు గారి హాలుకు వచ్చే మేళమే. వాళ్ళకు తెల్లగుర్రం కావాలట. డీజే బండి వెనకే నడిపిస్తారట, టపాకాయల మధ్య.

ఆ రోజు శ్రీకర్ ఇంటికొచ్చి అన్నం కలుపుతూ కూర్చున్నాడు, తినలేదు. పప్పులో ఉప్పు సంగతి కూడా ఎత్తలేదు. 

"బేగం మీది నుంచి నేను పడతాను," అన్నాను.

"నువ్వు పడుతవా?"

"పడితే ఏమవుతుంది? ఇసుకేగా."

"నువ్వు పడుతవ్. అది పడనియ్యాలె గదా."

ఆయన చెప్పింది నిజమే. వచ్చిన శనివారం ముగ్గు దగ్గరకెళ్ళి ఎడమకు ఒరిగాను. బేగం ఎడమకొచ్చింది. అటు కాదని కుడికి వాలాను. కుడికొచ్చింది. రికాబుల్లోంచి పాదాలు తీసేసి వెనక్కి జారాను. అది ఆగిపోయి, నడుం కాస్త కిందకు దించి, తల తిప్పి నా వైపు చూసింది. ఒంట్లో బాగా లేదా అని అడుగుతున్నట్టు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. మెడ పట్టుకుని పడుకున్నాను. చూసినవాళ్ళు స్వారీలో కొత్త భంగిమ అనుకున్నారు.

"బిడ్డా, ఉత్తగ తిప్పలు పడకు," అన్నాడు యాదగిరి. "దాని మీద నిద్రపోయినా ఇంటికాడ దించి పోతది గని."

తరువాతి శనివారం ఇంకోలా ప్రయత్నించాను. అప్పుడూ అంతే. నెల ముగింపుకొచ్చింది. ఇంతలో మార్కండేయులు గారు అంబులెన్సు పనితీరును స్వయంగా చూస్తానన్నారు. చివరి శనివారం అష్టమి, ఆయన అష్టమినాడు ఏ పనీ మొదలుపెట్టరు. అందుకని పంతులు గారిని అడిగి బుధవారం ఉదయానికి ప్రమాద ముహూర్తం పెట్టించారు. బుధవారం నిషిద్ధం కనుక ప్రభంజనరావు గారు ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు: శ్రీమతి హిమజ, అంటే నేను, బేగం మీది నుంచి, ఒక్క పతనం మాత్రమే. నేను పడాలి, అంబులెన్సు రావాలి, మార్కండేయులు గారు చూడాలి. బేగంకు అదే ఆఖరి అవకాశం. బ్యాండు మేళం తాలూకు మనిషి అప్పటికే వచ్చి గేటు దగ్గర బీడీ కాలుస్తున్నాడు.

మైదానంలో ఇసుక మీద ఎర్ర తివాచీ పరిచారు. జ్యోతి వెలిగించారు. ప్రభంజనరావు గారు మైకు అందుకుని, "ప్రమాదమనేది ఆకస్మికంగా వచ్చేది కాదు, మనం ఆహ్వానించేది," అని మొదలుపెట్టి చాలాసేపు ఆహ్వానించారు. నేను బేగం మీద కూర్చుని ఎదురుచూస్తున్నాను. శ్రీకర్ జీను పట్టీ బిగువు చూస్తున్నట్టు నటిస్తూ నా పాదం దగ్గరే నిలబడ్డాడు.

"నిజంగ పడితే తలకాయ పైకి పట్టుకో," అన్నాడు నెమ్మదిగా.

"అలాగే సార్," అన్నాను.

ఈల ఊదారు. నేను ఉన్న బలమంతా పెట్టి పక్కకు దూకాను. బేగం అంతకంటే ముందే పక్కకు జరిగింది. మళ్ళీ జీనులోనే ఉన్నాను. ఇంకోసారి. మళ్ళీ జీనులోనే. సభ్యులు చప్పట్లు కొట్టారు. మార్కండేయులు గారు ప్రభంజనరావు గారి చెవిలో, "ఎప్పుడు పడుతుందండీ? మధ్యాహ్నం హాల్లో నలుగు ఫంక్షనుంది," అన్నారు.

పడటం ఆలస్యమైనా స్పందన ఆలస్యం కాకూడదని అంబులెన్సుకు చెయ్యి ఊపారు. అది కూత వేస్తూ వచ్చి, మైదానం ముఖద్వారంలోనే ఇసుకలో దిగబడింది. డ్రైవరు యాక్సిలరేటరు నొక్కినకొద్దీ ఇంకా కిందకు పోయింది. లోపలికి వచ్చే దారి అదొక్కటే. కార్లన్నీ ఇటు, రోడ్డూ ఆసుపత్రీ అటు, మధ్యలో అంబులెన్సు.

"వెనక్కి! కొంచెం వెనక్కి!" అంటూ ప్రభంజనరావు గారు తనే వెనక్కి నడిచారు. తివాచీ మడత కాలికి తగిలింది. ఒక చెయ్యి గాల్లో, ఒక చెయ్యి మైకు మీద, ఆయన కూలబడ్డారు. మడమ దగ్గర ఏదో టక్కుమనడం మైకులోంచి అందరికీ వినిపించింది.

శ్రీకర్ పరుగెత్తుకెళ్ళాడు. "సార్, కాలు కదిలించకుర్రి."

"నేను పడలేదు," అన్నారు ప్రభంజనరావు గారు పళ్ళు బిగించి. "ఈ రోజు బుధవారం."

"అయితే దిగినట్టు అనుకుందమా?"

"దేని మీద నుంచయ్యా? నేనేదీ ఎక్కలేదు కదా." ఆయన ముఖం చెమటతో తడిసిపోయింది. ఆ పరిస్థితిలో కూడా నిబంధనను వదల్లేదు. ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి.

స్ట్రెచరు తెమ్మన్నారు. డ్రైవరు నసిగాడు. కూరగాయల బుట్టలకు అడ్డమని దాన్ని ఎప్పుడో హాల్లో దించేశారట. వడ్డించేటప్పుడు సాంబారు బకెట్లు దాని మీదే నడుస్తున్నాయట.

"అది మంచి చక్రాల బల్లండీ, వృథా చెయ్యడం దేనికని," అన్నారు మార్కండేయులు గారు ఎటో చూస్తూ.

నేను బేగంను అక్కడికి నడిపించాను. "సార్, ఇవాళ ఒక పతనానికి అనుమతి నా పేర ఉంది. నేను వాడుకోలేదు. మీకు ఇచ్చేస్తాను."

ఆయన కళ్ళలో మొదటిసారి ఆశ కనిపించింది. "బదిలీకి అధ్యక్షుల ఆమోదం కావాలమ్మా."

"ఆమోదించాను, ఆమోదించాను," అన్నారు మార్కండేయులు గారు. "ముందు ఆ కాలు చూడండయ్యా, మైసూరు బోండాలాగా పొంగింది."

"కానీ అనుమతి బేగం మీది నుంచి పడటానికి," అన్నాను. "కాబట్టి ఇది బేగం లెక్కలోకి వెళ్ళాలి."

"నేను అశ్వం ఎక్కనే లేదు కదమ్మా."

"ఇప్పుడెక్కండి."

"ముందు పతనం, తరువాత ఆరోహణమా? క్రమం తప్పుతుంది."

"సార్, ఆసుపత్రికి పోవాలంటే ఎట్లయినా ఎక్కాలె," అన్నాడు శ్రీకర్. "అంబులెన్సు పక్క సందుల కెల్లి గుర్రం ఒక్కటే పడుతది."

నేను దిగాను. పతనం కాదు, నిజంగానే దిగాను. శ్రీకర్, యాదగిరి, బ్యాండు మేళం మనిషి కలిసి ప్రభంజనరావు గారిని ఎత్తి బేగం మీద కూర్చోబెట్టారు. ఇన్నేళ్ళుగా గుర్రాల భద్రత చూస్తున్న మనిషి గుర్రం ఎక్కడం అదే మొదటిసారని అప్పుడే తెలిసింది. ఆయన జూలును రెండు పిడికిళ్ళా పట్టుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"ఇది... పడేస్తుందా?"

"పడెయ్యది సార్," అన్నాడు శ్రీకర్. "మీరు దాని మీద పెట్టిన కేసు అదే గదా."

ప్రభంజనరావు గారు జూలును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. బేగం అంబులెన్సు పక్క సందులోంచి ఒడుపుగా దాటింది. రోడ్డు మీద ఆయన నొప్పికి ఇటు ఒరిగితే ఇటు, అటు ఒరిగితే అటు సర్దుకుంటూ, నిండు బిందె మోస్తున్నంత జాగ్రత్తగా నడిచింది. ఆసుపత్రి మెట్ల దగ్గర దించాక కూడా ఆయన చెయ్యి దాని మెడ మీదే ఉండిపోయింది. ఎవరైనా చూస్తున్నారేమోనని గమనించుకుని తీసేశారు. నేను చూశాను.

తరువాతి సమావేశానికి ఆయన కట్టు కట్టిన కాలితో వచ్చి, దాన్ని ఇంకో కుర్చీ మీద పెట్టుకుని కూర్చున్నారు. బేగంను పంపించెయ్యాలన్న తీర్మానం ఉంది. ఆయన పెట్టిన తీర్మానమే. దాన్ని రద్దు చేస్తే తను పొరబడినట్టవుతుంది. ఒక భద్రతాధికారి పొరబడ్డాడంటే భద్రతకే ముప్పు. కాసేపు గడ్డం నిమురుకుని, దారి కనిపెట్టారు.

"సమగ్ర పరిశీలన అనంతరం, బేగం అశ్వం కాదని తేలింది."

"మరేంది సార్?" అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ యాదగిరి.

"అత్యవసర వాహనం. వాహనాలకు పతన లక్ష్యాలు వర్తించవు. అత్యవసర వాహనాన్ని ఊరేగింపులకు ఇవ్వడానికి కూడా నియమాలు ఒప్పవు."

ఏకగ్రీవం. అంబులెన్సు వారమంతా కూరగాయలకే అంకితమైంది. కొత్త అత్యవసర వాహనం అన్ని రోజులూ చావిట్లోనే ఉంటుంది కనుక, ఇకపై సభ్యులు ఏ రోజైనా పడవచ్చునని బోర్డు మార్చారు. వరప్రసాద్ గారు ఆ మర్నాడే వచ్చి ధీమాగా పడ్డారు.

ఒక్కటే చిక్కు. అత్యవసర వాహనాన్ని గాయపడినవారు తప్ప ఎవరూ ఎక్కరాదు. అయితే వాడకపోతే వాహనం మూలన పడుతుంది కనుక, ప్రతి శనివారం ఒక క్షతగాత్రుణ్ణి ఎక్కించి మైదానం చుట్టూ తిప్పి, సంసిద్ధత సరిచూడాలి. దీనికి స్వచ్ఛందంగా ఎవరైనా ముందుకొస్తారా అని ప్రభంజనరావు గారు అడిగారు. ఆయన అడగడం పూర్తికాకముందే నేను చెయ్యెత్తాను.

అప్పటి నుంచి శనివారం పొద్దున్నే సపోటా చెట్టు కింద శ్రీకర్ నాకు కట్టు కడతాడు. చాలా నెమ్మదిగా కడతాడు, మధ్యలో టీ చల్లారిపోతుంది. పోయిన వారం నా కుడి చెయ్యి విరిగింది, అంతకు ముందు వారం మెడ పట్టేసింది. ఈ శనివారం ఏం చేద్దామని నిన్న ఆయన అడిగాడు. ఎడమ కాలు అన్నాను. కాలైతే క్షతగాత్రులను శిక్షకుడే ఎత్తి వాహనం మీద కూర్చోబెట్టాలని నిబంధన ఉంది. ప్రభంజనరావు గారి నిబంధనలలో నాకు అదే అన్నిటికంటే నచ్చింది.